దున్నకుండా విత్తే గొర్రు ఊళ్ళోనే చేయించుకోవాలంటే: నాలుగు దారులు, ఏది ఎవరికి

"షెడ్డులో తొమ్మిది పళ్ళ కల్టివేటర్ ఊరికే పడి ఉంది. దాని మీద ఒక పెట్టె బిగిస్తే విత్తనాల గొర్రు అయిపోదా?" వరి కోతలు మొదలయ్యే వేళకు ఏటా ఎవరో ఒకరు ఈ మాట అడుగుతారు. అవుతుంది. నేనూ అలాగే మొదలుపెట్టాను. కాకపోతే తెచ్చిన డబ్బంతా పెట్టె మీద, చైన్ల మీద, రంగు మీద పోసి, కింద నేలను చీల్చే కర్రుల దగ్గరకు వచ్చేసరికి కల్టివేటర్‌కున్న పాత పారలే ఉంచేశాను. ఎనిమిదో రోజున చేలోకి వెళ్ళి చూస్తే మూడు సాళ్ళు మొలిచాయి, నాలుగోది నున్నగా గుండు గీసినట్టుంది. రెండెకరాలూ అంతే. ఆ సాలులోకి గింజ దించే గొట్టం మట్టితో పూడుకుపోయిందని అప్పటిదాకా నాకు తెలియదు.

అందుకే పెట్టె సంగతి తర్వాత, ముందు నేల సంగతి మాట్లాడుకుందాం. ఇక్కడ చెప్పేది ముఖ్యంగా కృష్ణా, గుంటూరు వైపు మాగాణుల్లో వరి కోసిన వెంటనే దున్నకుండా వేసే మొక్కజొన్న గురించి. మినుముకు పల్లాకు తెగులు, కాలువ నీటి ఆలస్యం, వరి కోతల ఆలస్యం, ఇవన్నీ కలిసి చాలామందిని ఈ పంట వైపు నెట్టాయి. వెదపద్ధతి వరి (నారు పోయకుండా నేరుగా గింజ విత్తేది), వేరుశనగ వేసేవాళ్ళకు పనికొచ్చే మాటలు మధ్యమధ్యలో వస్తాయి.

ముందు తేల్చుకోవాల్సినవి

సాలుకు సాలుకు మధ్య ఎంత? అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే, ఎవరూ అడగని ప్రశ్న కూడా ఇదే. మొక్కజొన్నకు 60 సెంటీమీటర్లు. కల్టివేటర్ ఫ్రేము మీద నాలుగు కర్రులు బిగిస్తే చాలు, వాటి మధ్య నుంచి గడ్డి సులువుగా జారిపోతుంది. వరికైతే 20 సెంటీమీటర్లు. అదే వెడల్పులో తొమ్మిది కర్రులు కావాలి. అంత దగ్గర కర్రుల మధ్య గడ్డి ఇరుక్కుంటుంది, ఇరుక్కున్న గడ్డి విత్తనాన్ని కూడా ఈడ్చుకుపోతుంది. ఇంట్లో చేయించుకునే గొర్రు మొక్కజొన్నకు కుదిరినంత సులువుగా వరికి కుదరదు అనేది ఇందుకే.

చేలో గడ్డి ఏ రూపంలో ఉంది? చేత్తో కోసి మోపులు ఎత్తేసిన చేను ఒక తీరు, కోత మిషను తిరిగిన చేను మరో తీరు. నిలబడి ఉన్న కొయ్యకాళ్ళు పెద్దగా ఇబ్బంది పెట్టవు. మిషను వెనక వరసగా పడిన వదులు గడ్డే అసలు శత్రువు. బేలర్‌తో కట్టలు కట్టించి తీసేస్తే సగం సమస్య పోయినట్టే.

నేల పదును, అంటే తేమ, ఎలా ఉంది? నల్లరేగడిలో రెండు మూడు రోజుల తేడాతో అంతా మారిపోతుంది. చెప్పులు విప్పి నడవండి. పాదం అచ్చు పడాలి, మట్టి మాత్రం కాలికి అంటుకుని రాకూడదు. అంటుకుంటే ట్రాక్టరు గొర్రు ఏదీ పనిచేయదు, నాదైనా షోరూముదైనా.

ఎన్ని ఎకరాలు, ఎన్ని రోజుల్లో? ట్రాక్టరు ఎన్ని హార్స్‌పవర్? గట్టి నేలలో ఒక్కో కర్రుకు సుమారు 4 నుంచి 5 హార్స్‌పవర్ వేసుకోండి. నాలుగు కర్రులను చిన్న ట్రాక్టరైనా లాగుతుంది. తొమ్మిదింటికి 40 దరిదాపుల్లో ఉండాలి.

నాలుగు దారులు

| | చేతి చక్రం | కల్టివేటర్ + చేత్తో విత్తనం | కల్టివేటర్ + కొన్న పెట్టె | పాత జీరో టిల్ డ్రిల్ (దున్నకుండా విత్తే తయారీ యంత్రం) కొనడం |
|---|---|---|---|---|
| ఎవరి చేతి పని | ఊరి వెల్డింగ్ షాపు | వెల్డింగ్ షాపు, వడ్రంగి | వెల్డింగ్ షాపు, కొంత లేతు పని | మరమ్మతు మాత్రమే |
| మొక్కల మధ్య దూరం | బాగుంటుంది, నేల మెత్తగా ఉంటే | చేతి వాటాన్ని బట్టి | బాగుంటుంది | మొక్కజొన్నకు వేరే పెట్టెలు బిగించాలి |
| కూలీల అవసరం | చాలా ఎక్కువ | ఇద్దరు ముగ్గురు | ఒక్కరు వెనక నడిస్తే చాలు | ఒక్కరు |
| వదులు గడ్డిలో | ఇబ్బంది లేదు | 60 సెం.మీ. సాళ్ళలో పర్వాలేదు | 60 సెం.మీ. సాళ్ళలో పర్వాలేదు | 20 సెం.మీ. సాళ్ళలో ఇరుక్కుంటుంది |
| బురద పదునులో | పనిచేస్తుంది | పనిచేయదు | పనిచేయదు | పనిచేయదు |
| ఎంత చేనుకు | రెండు మూడు ఎకరాలు | పది లోపు | ఎనిమిది పైన | పది పైన, వరి ఉంటే ఇంకా మేలు |

*చేతి చక్రం.* తాడు కట్టి, కర్రతో గుంట పొడిచి గింజ వేసే పద్ధతికి ఇది చెల్లెలు. 38 సెంటీమీటర్ల వ్యాసమున్న ఇనుప చక్రం చుట్టుకొలత దాదాపు 120 సెంటీమీటర్లు. దాని చుట్టూ ఆరు మేకులు సమాన దూరంలో వెల్డింగ్ చేస్తే ప్రతి 20 సెంటీమీటర్లకు ఒక గుంట పడుతుంది. ఒకే ఇరుసు మీద 60 సెంటీమీటర్ల ఎడంతో రెండు చక్రాలు పెడితే ఒక్క నడకలో రెండు సాళ్ళు. చూడటానికి పిల్లల బండిలా ఉంటుంది కానీ తెలివైన పనిముట్టు.

దీనిలో ఒక మోసం ఉంది. మేకు 5 సెంటీమీటర్లు పొడుగు అనుకుందాం. నేల మెత్తగా ఉండి మేకు పూర్తిగా దిగితే చక్రం అంచు మీద దొర్లుతుంది, దూరం 20 వస్తుంది. నేల గట్టిపడి మేకు దిగకపోతే చక్రం మేకుల మొనల మీదే దొర్లుతుంది. అప్పుడు గుంటకు గుంటకు మధ్య దాదాపు 24 వస్తుంది. ఎకరాకు 33 వేల పైచిలుకు ఉండాల్సిన మొక్కలు 28 వేల దగ్గరకు పడిపోతాయి. గుంటలు చూడ్డానికి వరసగా, ముచ్చటగానే ఉంటాయి, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. చక్రం మీద ఇసుక బస్తా కట్టేది అందుకే.

నడక కూడా లెక్కేసుకోండి. రెండు సాళ్ళ చక్రంతో ఎకరాకు మూడు కిలోమీటర్ల పైనే తోయాలి. ఆ తర్వాత 33 వేల గుంటల్లో వంగి వంగి గింజలు వేసేది ఆడకూలీలే. వాళ్ళ నడుములు కూడా ఖర్చులో భాగమే.

*కల్టివేటర్ మీద చేత్తో విత్తనం.* మన పాత ఎద్దుల గొర్రుకు ట్రాక్టరు తొడిగినట్టు. మధ్యలో గింజలు వేసే చెక్క గిన్నె (జడ్డిగం), దాని అడుగున రంధ్రాలు, అక్కడి నుంచి గొట్టాలు కర్రుల వెనక్కి. ఇంగ్లండులో జెత్రో టల్ 1701లో విత్తనాల యంత్రం చేశాడని బడిలో చదువుకున్నాం. ఆ పేరు కూడా వినని మన తాతలు గొర్రుతో సాళ్ళు వేసినవాళ్ళే. గుప్పిట్లోంచి వేళ్ళ సందున గింజ జారవిడిచే ఆ చేతులది నిజంగా విద్యే. ఇప్పటికీ అలాంటి చేతులు ఊళ్ళో ఉంటే ఈ దారి చవక, నమ్మకం. చిక్కల్లా ఎద్దుల నడకకు అలవాటైన చెయ్యి ట్రాక్టరు వేగానికి తట్టుకోలేకపోవడమే. ఒకే చోట మూడు గింజలు, తర్వాత మూరెడు ఖాళీ. మొక్కజొన్న హైబ్రిడ్ విత్తనం ధర తెలిసినవాళ్ళకు గుండె తరుక్కుపోతుంది.

ఇంకో మాట. వెనక పలక బిగించి మనుషుల్ని కూర్చోబెట్టే పద్ధతి నాకు అస్సలు ఇష్టం లేదు. గొర్రును ఎత్తి పట్టే హైడ్రాలిక్ ఒక్కసారి జారితే కాళ్ళు కర్రుల దగ్గరే ఉంటాయి.

*కల్టివేటర్ మీద కొన్న పెట్టె.* నేను చివరికి స్థిరపడింది ఇక్కడే. ఫ్రేము పాతది, కర్రులు ఊళ్ళో చేయించినవి, గింజను లెక్కగా వదిలే భాగం మాత్రం బజారులో కొన్నది. ఆ భాగాన్ని కూడా సొంతంగా చేయించాలని సరదా పడేవాళ్ళున్నారు, నేనూ పడ్డాను. గింజను ఒక్కొక్కటిగా పట్టి వదిలే గుండ్రటి ప్లేటులో గాడి ఒక మిల్లీమీటరు పెద్దదైతే రెండు గింజలు దూరతాయి, చిన్నదైతే గింజ నలుగుతుంది. వెల్డింగ్ షాపులో ఆ మిల్లీమీటరు దొరకదు.

*పాత జీరో టిల్ డ్రిల్.* పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో గోధుమ కోసం రూపుదిద్దుకున్న రకం ఇది. పంజాబ్, హర్యానాల్లో వరి తర్వాత గోధుమను దీనితో వేలాది ఎకరాల్లో వేస్తున్నారు. సెకండ్ హ్యాండులో దొరికితే ఫ్రేము, కర్రులు సిద్ధంగా ఉన్నట్టే. కాకపోతే దాని పెట్టెలో ఉండేది ప్లేటు కాదు, గాళ్ళ రోలర్ (చుట్టూ గాళ్ళున్న కడ్డీ). గోధుమ, వరి గింజకు అది బాగా పనిచేస్తుంది. మొక్కజొన్న గింజను వరసగా వదలదు. వేరుశనగనైతే పప్పు చేసేస్తుంది. ఆ రెండిటికీ ప్లేటు వాలుగా తిరిగే పెట్టెలు, అంటే వాలు ప్లేటు పెట్టెలు, విడిగా బిగించాల్సిందే. లూథియానాలో పుట్టిన హ్యాపీ సీడర్ సంగతి వేరు, గడ్డిని ముందు నరుక్కుంటూ పోతుంది. పీటీవో (ట్రాక్టరు వెనక ఇంజను తిప్పే ఇరుసు) మీద తిరిగే ఆ యంత్రాన్ని ఇంటి దగ్గర చేయించే ఆలోచన మానుకోండి. వేగంగా తిరిగే బ్లేడు ఊడి వస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

కర్రు: డబ్బు ఇక్కడ పెట్టండి

కల్టివేటర్ పార నేలను పెళ్ళగించడానికి పుట్టింది. దాన్ని దున్నని చేలో దించితే అరచేతి వెడల్పున మట్టి పెడ్డలు లేస్తాయి. గింజ పెడ్డల సందున పడుతుంది, రెండు రోజుల్లో పదును ఆరిపోతుంది. మనకు కావాల్సింది సన్నని చీలిక.

తలకిందులు చేసిన ఇంగ్లిషు 'టీ' అక్షరం లాంటి కర్రు అదే చేస్తుంది. ముందు సన్నని నిలువు బ్లేడు, అడుగున రెండు వైపులా చిన్న రెక్కలు. పైన గీత సన్నగా, లోపల గింజ పడే చోటు వెడల్పుగా ఉంటుంది. పైన మూత ఉన్న కుండలో నీళ్ళలా పదును లోపలే నిలుస్తుంది. ఈ ఆకారం మొదట న్యూజిలాండ్‌లో వచ్చింది, పంత్‌నగర్ వాళ్ళు దాన్నే మన నేలలకు మలుచుకున్నారు.

ఊళ్ళో చేయించేటప్పుడు లారీ కమాను పట్టీ వాడండి, మామూలు ఫ్లాటు ముక్క కాదు. దాన్ని కాల్చి వంచితే ఇనుముకు మళ్ళీ పదును పట్టించి గట్టిపరచాలి. కమ్మరికి ఆ సంగతి తెలుసు, వెల్డింగ్ కుర్రాడికి తెలియకపోవచ్చు. మొన మీద హార్డ్‌ఫేసింగ్ రాడ్డుతో ఒక పూత వేయిస్తే అరుగుదల బాగా తగ్గుతుంది. విత్తనం గొట్టం కర్రు వెనక, రెక్కల కంటే కాస్త పైన ముగియాలి. నా మొదటి గొర్రులో గొట్టం కింద దాకా ఉంది, మట్టి అందులోకే ఎక్కింది.

కర్రు బదులు గుండ్రటి డిస్కు పెడితే? గడ్డి మీద దొర్లిపోతుంది కాబట్టి ఇరుక్కోదు, నిజమే. కానీ దున్నని నేలలో దిగడానికి ఒక్కో డిస్కు మీద వంద కిలోలకు తగ్గని బరువు ఉండాలి. మన కల్టివేటర్ ఫ్రేముకు ఆ బరువు లేదు. పైగా తడి గడ్డిని కోయకుండా చీలికలోకి మడిచి నొక్కేస్తుంది, గింజ ఆ గడ్డి మడతలో కూర్చుంటుంది, మట్టి తగలదు. సొంతంగా చేయించుకునేవాళ్ళకు డిస్కు సిఫారసు చేయను.

చీలిక మూసుకోవడం ఇంకో ముఖ్యమైన పని. నల్లరేగడిలో పదును ఎక్కువగా ఉన్నప్పుడు కర్రు వెళ్ళిన గోడలు గచ్చు మెత్తినట్టు నున్నగా తయారవుతాయి. ఎండ తగిలితే ఆ గీత నోరు తెరుస్తుంది, గింజ పక్షులకు, చీమలకు కనబడుతుంది. కర్రు వెనక చిన్న ఇనుప చక్రం గానీ, బరువైన గొలుసు గానీ ఈడిస్తే కొంత మూసుకుంటుంది. చక్రమే మేలు. గొలుసు గడ్డిని కూడా పోగుచేస్తుంది.

పెట్టె, చక్రం, లెక్క

నాలుగు కర్రులు బిగించేటప్పుడు ఫ్రేము మధ్య నుంచి ఇరువైపులా 30, 90 సెంటీమీటర్ల దగ్గర గుర్తులు పెట్టండి. బోల్టులు బిగించే ముందు ట్రాక్టరు వెనక టైరు అంచు ఎక్కడికి వస్తుందో టేపుతో కొలవండి. చివరి సాలు టైరు జాడ పక్కనే పడుతుంది. జాడలోనే పడితే టైరు ఎడం సర్దుకోవాలి.

గింజ వదిలే ప్లేటు నేల మీద దొర్లే చక్రంతోనే తిరగాలి, పీటీవోతో కాదు. ట్రాక్టరు నెమ్మదించినా, వేగం పెంచినా దూరం మారకూడదు. చక్రం చుట్టుకొలత 120 సెంటీమీటర్లు ఉంటే ఒక్క చుట్టుకు ఆరు గింజలు పడాలి. ప్లేటుకు 12 గాళ్ళుంటే చక్రం రెండు చుట్లు తిరిగినప్పుడు ప్లేటు ఒక చుట్టు తిరగాలి. అంటే చక్రం వైపు 14 పళ్ళు, ప్లేటు వైపు 28. పెట్టె లోపల మళ్ళీ పళ్ళ చక్రాలుంటే ఆ లెక్కా కలుపుకోవాలి. చక్రం ఇరుసు మీద సైకిలు ఫ్రీవీలు వాడితే ఒక లాభం: చక్రం వెనక్కి తిరిగినా ప్లేటు తిరగదు.

చేలోకి వెళ్ళే ముందు వాకిట్లో చక్రాన్ని పైకెత్తి చేత్తో పది చుట్లు తిప్పండి. ఒక్కో గొట్టం కింద గిన్నె పెట్టి లెక్కపెడితే 60 దగ్గర ఉండాలి. తర్వాత చేలో పది చుట్లకు ట్రాక్టరు ఎంత దూరం పోయిందో టేపుతో చూడండి. 12 మీటర్లు ఉండాలి. 13 దాటిందంటే చక్రం కొయ్యకాళ్ళ మీద జారుతోంది, గింజల మధ్య దూరం 22కు పెరిగింది. చక్రం చుట్టూ ఇనుప ముక్కలు వెల్డింగ్ చేయించి, స్ప్రింగుతో నేలకు అదిమితే జారుడు తగ్గుతుంది.

వరికి గాళ్ళ రోలర్ అయితే గింజల లెక్క కాదు, తూకం లెక్క. తొమ్మిది సాళ్ళు, 20 సెంటీమీటర్ల దూరం, మొత్తం వెడల్పు 1.8 మీటర్లు. ఎకరాకు దాదాపు 2,250 మీటర్లు నడవాలి. 40 సెంటీమీటర్ల వ్యాసమున్న చక్రం సుమారు 1,790 చుట్లు తిరుగుతుంది. 36 చుట్లు తిప్పి అన్ని గొట్టాల గింజనూ కలిపి తూస్తే అది ఎకరంలో యాభయ్యో వంతు. ఎకరాకు 12 కిలోలు వేయాలంటే 240 గ్రాములు రావాలి. గొట్టం గొట్టానికి విడిగా కూడా తూయండి, అసలు తేడా అక్కడ బయటపడుతుంది.

లోతు మొక్కజొన్నకు 4 నుంచి 5 సెంటీమీటర్లు, వరికి 2 నుంచి 3. దీనికి రెండు పక్కలా లోతు చక్రాలు పెట్టించండి. హైడ్రాలిక్ లివరు మీద ఆధారపడితే గట్టు దగ్గర ఒక లోతు, మధ్యలో ఒక లోతు.

ఎరువు పెట్టె కూడా పెట్టాలా? మొదటి ఏడాది వద్దంటాను. పెడితే యూరియా మాత్రం గింజ సాలులో పడనివ్వకండి, మొలక మాడుతుంది. డీఏపీ వేస్తే గింజకు పక్కగా, కాస్త లోతున పడాలి, అంటే ఇంకో వరస కర్రులు, ఇంకా బరువు. సాయంత్రానికి ఆ పెట్టె కడగకపోతే మరుసటి ఏడాదికి అడుగు తుప్పు పట్టి రాలిపోతుంది.

మీరు ఏ రకం?

రెండెకరాల కౌలు రైతు, చేను ఇంకా చిత్తడిగా ఉంది, ఆగితే అదను పోతుంది: చేతి చక్రమే. ట్రాక్టరు దిగని చేలో అది ఒక్కటే దిగుతుంది. నలుగురు కలిసి ఒకటి చేయించుకోవచ్చు.

ఎనిమిది నుంచి పదిహేను ఎకరాలు, సొంత ట్రాక్టరు, కల్టివేటర్ ఉన్నాయి, మొక్కజొన్నే వేస్తారు: కొన్న పెట్టె, చేయించిన కర్రులు. నాలుగు సాళ్ళ గొర్రు గంటకు మూడు కిలోమీటర్ల వేగంతో ఎకరాన్ని, మలుపులతో కలిపి ముప్పావు గంట నుంచి గంటలోపు ముగిస్తుంది. అంతకంటే వేగం పెంచకండి, ప్లేటు గాళ్ళు నిండవు.

వానాకాలంలో వెదపద్ధతి వరి, రబీలో మొక్కజొన్న రెండూ వేసేవాళ్ళు: పాత జీరో టిల్ డ్రిల్ చూడండి, మొక్కజొన్నకు నాలుగు వాలు ప్లేటు పెట్టెలు అదనంగా. ఒకే యంత్రం రెండు పంటలకూ తిరిగితేనే ఆ ఖర్చుకు అర్థం.

మినుము వేసేవాళ్ళలో చాలామందికి ఏ గొర్రూ అక్కర్లేదు. కోతకు రెండు మూడు రోజుల ముందు నిలబడ్డ వరిలోనే చల్లే పద్ధతి ఉంది కదా. కోత మిషను తిరిగే చేలల్లో ఆ మొలకలు చక్రాల కింద నలిగిపోతున్నాయి. అలాంటి చేలకే కోత తర్వాత గొర్రు గురించి ఆలోచించండి. సాళ్ళు దగ్గరవుతాయి కాబట్టి గడ్డి తీసేయడం తప్పదు.

రాయలసీమలో వేరుశనగ వేసేవాళ్ళ నేల, పదును, కాలం అన్నీ వేరు. అక్కడ దున్నకుండా విత్తడం కంటే వాన పడ్డ ఒకటి రెండు రోజుల్లో చేనంతా విత్తేయడం ముఖ్యం. వాలు ప్లేటు మాట ఒక్కటే వాళ్ళకూ వర్తిస్తుంది.

నాలుగెకరాలు ఉండి, వెల్డింగ్ గోల పడలేని వాళ్ళు అద్దెకు తెచ్చుకోండి, తప్పేం లేదు. నష్టం ఒక్కటే: పదును మీ చేలో వచ్చిన రోజే ఊరందరి చేలల్లోనూ వస్తుంది, యంత్రం మాత్రం ఒక్కటే. నేను సొంతంగా చేయించుకోవడానికి ఖర్చు కంటే ఆ వరుసలో నిలబడలేకపోవడమే పెద్ద కారణం.

ఏ దారి పట్టినా గొట్టాలు మాత్రం లోపల గింజ కనబడే ప్లాస్టిక్‌వే కొనండి. నల్ల రబ్బరు గొట్టం గట్టిది, నాలుగేళ్ళు వస్తుంది. కానీ లోపల గింజ పడుతోందో లేదో చెప్పదు. మలుపు దగ్గర కర్రులు నేలలో ఉండగా ట్రాక్టరును వెనక్కి తీయకండి. అలా తీసినప్పుడే గొట్టం మూతిలోకి మట్టి ఎక్కుతుంది, నా నాలుగో సాలు పోయింది సరిగ్గా అలాగే. ఇప్పుడు మా ఇంట్లో ఒకరు మూరెడు ఇనుప చువ్వ పట్టుకుని గొర్రు వెనకే నడుస్తారు. ప్రతి మలుపులో నాలుగు గొట్టాల్లోనూ ఒకసారి గుచ్చి చూశాకే డ్రైవరుకు చెయ్యి ఊపుతారు.